ఆరు పెన్నీల పుస్తకం

అనీ బిసెంట్ పేరు చెప్పగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ నిలుస్తుంది. తెల్లటి పొట్టి జుట్టు, తెల్లని దుస్తులు, వేదిక మీద నిలబడి ఉపన్యసిస్తున్న ఒక పెద్దావిడ. హైస్కూలు సాంఘికశాస్త్రంలో ఆమె గురించి నాలుగు ముక్కలుంటాయి. ఐరిష్ రక్తం కలిసిన ఆంగ్ల వనిత, దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు, హోంరూలు లీగు స్థాపకురాలు, 1917లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన తొలి మహిళ. రెండు మార్కుల ప్రశ్నకు ఆ నాలుగు ముక్కలూ చాలు. కాని వాటిలో లేని అయిదో ముక్క ఒకటుంది. హోంరూలుకు నలభై ఏళ్ళ ముందు, 29 ఏళ్ళ వయసులో, ఆమె లండను న్యాయస్థానంలో ముద్దాయిగా నిలబడింది. చేసిన నేరం ఒక చిన్న పుస్తకం అమ్మడం. కలయిక జరిగిన తర్వాత కూడా గర్భం రాకుండా స్త్రీ తనంతట తాను ఏం చేసుకోవచ్చునో ఆ పుస్తకం చెప్పింది. దాని వెల ఆరు పెన్నీలు. ఆమె దానికి చెల్లించిన వెల మాత్రం తన కన్నకూతురు.

ఈ సంగతిని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు దాటేశాయో ఊహించడం కష్టం కాదు. గర్భం, నెలసరి, నిరోధం అనే మాటలు వచ్చేసరికి మనం గొంతు తగ్గిస్తాం. అందుకే ఈ ఏటి సంచికలో ఆ గొంతు కాస్త పెంచుదామని నా ప్రయత్నం.

అనీ ఉడ్ 1847 అక్టోబరు 1న లండనులో పుట్టింది. అయిదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి హారో పట్టణంలో స్కూలు పిల్లలకు బోర్డింగు నడిపి సంసారం లాక్కొచ్చింది. చదువు చెప్పించే స్తోమత లేక, నవలా రచయిత కెప్టెన్ మారియట్ సోదరి అయిన ఎలెన్ మారియట్ దగ్గర పిల్లను ఉంచింది. ఆవిడ పిల్లకు భాషలు, భూగోళం, వేదగ్రంథం బాగా నేర్పింది. అయితే ఆ కాలపు మర్యాదస్తుల ఇళ్ళలో ఆడపిల్లకు నేర్పనిది ఒకటుండేది, అది తన శరీరాన్ని గురించి. 1867 డిసెంబరులో ఇరవై ఏళ్ళ అనీకి ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి గురువుతో పెళ్ళయింది. పెళ్ళంటే ఏమిటో ఒక్క ముక్క తెలియకుండానే ఆ ఇంట అడుగు పెట్టానని, ఆ తెలియనితనమే తమ కాపురానికి మొదటి దెబ్బ అని ఆమె తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది. ఆడపిల్లను ఇలా చీకట్లోకి తోయడం తల్లులు చేసే పెద్ద పొరపాటని కూడా హెచ్చరించింది.

1869 జనవరిలో కొడుకు డిగ్బీ, 1870 ఆగస్టులో కూతురు మేబెల్ పుట్టారు. ఇంటి పనుల మధ్యనే అనీ కథలు రాసేది. మొదటి కథకు ముప్పయి షిల్లింగులు వచ్చాయి. తన చేతి సంపాదన మొదటిసారి చూసుకుని పొంగిపోయింది. కాని అప్పటి చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సంపాదన భర్తదే. ఆ ముప్పయి షిల్లింగులూ ఫ్రాంక్ జేబులోకి వెళ్ళాయి. తన శరీరమూ తనది కాదు, తన సంపాదనా తనది కాదు అనే సంగతి ఆమెకు అలా ఒకదాని తర్వాత ఒకటిగా తెలిసొచ్చింది.

1872లో ఫ్రాంక్‌కు లింకన్‌షైరులోని సిబ్సీ అనే పల్లెటూరి చర్చిలో ఉద్యోగమైంది. మట్టి పిసికే కూలీల ఊరు అది. మనలాంటి వ్యవసాయ కుటుంబాల వాళ్ళం ఆగి చదవవలసిన ఘట్టం ఇదే. గురువుగారి భార్యగా ఆమె రోగుల్ని చూడడానికి కూలీల ఇళ్ళకు వెళ్ళేది. ఒక ఇంట్లో నాలుగు తరాల మనుషులు, వాళ్ళతో పాటు అద్దెకుండే మగవాళ్ళు, మొత్తం ఎనిమిది మంది ఒకే గదిలో పడుకోవడం చూసింది. కూలీలు అప్పుడప్పుడే సంఘం కట్టుకుంటున్నారు. సంఘంలో చేరినవాడికి భూస్వాములు పని ఇచ్చేవారు కారు. అనీ మనసు సంఘం వైపే మొగ్గింది. చాలీచాలని కూలి, ఏడాది తిరక్కుండానే మళ్ళీ కడుపు, ఈ రెంటి మధ్యా నలిగిపోయే తల్లుల ముఖాలు ఆమెకు జీవితాంతం గుర్తుండిపోయాయి.

అప్పటికే ఆమె మనసులో దేవుడి మీద అనుమానాలు బయల్దేరాయి. 1871లో పసిపాప మేబెల్‌కు కోరింత దగ్గు వచ్చి చావు అంచుల దాకా వెళ్ళింది. ఏ పాపమూ ఎరగని పసిగుడ్డుకు ఈ యాతన ఎందుకన్న ప్రశ్నకు ఏ మతాచార్యుడూ ఆమెకు సరైన సమాధానం చెప్పలేకపోయాడు. సిబ్సీలో ఒకరోజు ఆమె ఖాళీ చర్చిలోకి ఒంటరిగా వెళ్ళి తలుపు వేసుకుని, వేదిక ఎక్కి ఖాళీ బెంచీలకు ఉపన్యాసం ఇచ్చింది. తనకు మాట్లాడే శక్తి ఉందని ఆమెకు తెలిసింది ఆ రోజే. 1873లో ఫ్రాంక్ ఒక షరతు పెట్టాడు. చర్చిలో ప్రసాదం తీసుకోవాలి, లేదా ఇల్లు విడిచి పోవాలి. ఆమె ఇల్లు విడిచింది. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర ఉండేట్లు ఒప్పంద పత్రం రాసుకున్నారు.

1874లో ఆమెకు చార్లెస్ బ్రాడ్లాతో పరిచయమైంది. అతను పేరుమోసిన నాస్తికుడు, గొప్ప వక్త. నేషనల్ రిఫార్మర్ అనే వారపత్రిక నడిపేవాడు. అనీ ఆ పత్రికకు రాస్తూ, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తూ రెండేళ్ళలో ఇంగ్లండంతా ఎరిగిన మనిషైంది. ఇక అసలు కథకు వద్దాం.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో చార్లెస్ నోల్టన్ అనే పల్లెటూరి డాక్టరు ఉండేవాడు. 1832లో అతను ఫ్రూట్స్ ఆఫ్ ఫిలాసఫీ అనే చిన్న పుస్తకం వేశాడు. పేరు చూస్తే వేదాంతంలా ఉంటుంది గాని, లోపల ఉన్నది గర్భం ఎలా వస్తుంది, దాన్ని ఎలా ఆపుకోవచ్చు అన్న సంగతి. కలయిక ముగిసిన వెంటనే పటిక లాంటి మందులు కలిపిన నీటితో, పిచికారీ సాయంతో, స్త్రీ లోపల కడుక్కోవాలన్నది అతను చెప్పిన పద్ధతి. ఇందులో ఒక విశేషముంది. భర్త ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ముందు జాగ్రత్త పడినా పడకపోయినా, జరిగిన తర్వాత స్త్రీ తన చేతులతో తాను చేసుకోగలిగిన ఉపాయం కావాలని అతను వెతికాడు. ఈనాడు మనం అత్యవసర గర్భనిరోధం అంటున్నదాని వెనుక ఉన్న ఆలోచన సరిగ్గా ఇదే. ఆ పుస్తకానికి నోల్టన్ మూడు నెలల కఠిన శిక్ష అనుభవించాడు.

ఇంగ్లండులో మాత్రం ఆ పుస్తకం నలభై ఏళ్ళపాటు ఏటా ఏడెనిమిది వందల ప్రతులు చడీచప్పుడు లేకుండా అమ్ముడవుతూ ఉండేది. 1876లో బ్రిస్టల్‌లోని ఒక పుస్తకాల వ్యాపారి అందులో బొమ్మలు చేర్చి అమ్మాడు. అతనికి రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. ప్రచురణకర్త చార్లెస్ వాట్స్‌ను కూడా కోర్టుకు లాగితే, అతను భయపడి తప్పు ఒప్పుకున్నాడు. అనీ, బ్రాడ్లా అందుకు ఒప్పుకోలేదు. నిజానికి ఆ పుస్తకంలోని ప్రతి మాటతోనూ వాళ్ళు ఏకీభవించలేదు. అప్పటికే అది పాతబడిపోయింది. అయినా జనానికి తెలుసుకునే హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గర వెనక్కి తగ్గకూడదని నిశ్చయించుకున్నారు. సొంతంగా ఒక ప్రచురణ సంస్థ పెట్టి, ఒక వైద్యుని చేత కొత్తగా నోట్సు రాయించి, పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేశారు. వెల ఆరు పెన్నీలు.

1877 మార్చి 24, శనివారం. ఫలానా సమయానికి ఫలానా చోట ఈ పుస్తకాన్ని మేమే అమ్ముతామని పోలీసులకు ముందుగానే కాగితం పంపి, ఒక ప్రతి కూడా జత చేసి, ఇద్దరూ కొట్లో నిలబడ్డారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే అయిదు వందల ప్రతులు చెల్లిపోయాయి. కొన్నవాళ్ళలో మఫ్టీ పోలీసులూ ఉన్నారు! ఏప్రిల్‌లో ఇద్దర్నీ అరెస్టు చేశారు. జూన్ 18న ప్రధాన న్యాయమూర్తి సర్ అలెగ్జాండర్ కాక్‌బర్న్ ముందు విచారణ మొదలైంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో స్త్రీ లాయరు కావడానికి వీల్లేదు. ఆ అడ్డు తొలగడానికి 1919 దాకా పట్టింది. అలాంటి కాలంలో అనీ లాయరును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకుంది. నిండు సభలో, అందరూ మగవాళ్ళే అయిన జ్యూరీ ముందు, ఏ ఆడదీ నోరెత్తని విషయం మీద గంటల తరబడి మాట్లాడింది. సిబ్సీలో చూసిన ఇళ్ళను గురించి చెప్పింది. వరస కాన్పులతో నలిగిన తల్లుల గురించి, పాలు చాలక పోయిన పసిపిల్లల గురించి చెప్పింది. డాక్టర్లు చదివే ఖరీదైన వైద్య గ్రంథాల్లోనూ ఇవే సంగతులు ఉన్నాయి కదా, వాటి మీద కేసు ఎందుకు లేదని అడిగింది. అక్కడే ఆ కేసు ముడి అంతా ఉంది. గినీలు పెట్టి కొనేవాడు చదివితే అది శాస్త్రం, ఆరు పెన్నీలు పెట్టి కూలివాడి పెళ్ళాం చదివితే అది బూతు!

సాక్ష్యం చెప్పడానికి బోనెక్కిన వాళ్ళలో అలిస్ వికరీ ఒకామె. ఇంగ్లండులో మందుల శాస్త్రంలో అర్హత పొందిన తొలి మహిళ ఆమె. సాక్ష్యం చెప్పమని చార్లెస్ డార్విన్‌ను కూడా పిలిచారు గాని, ఒంట్లో బాగాలేదని, పైగా వస్తే తమకు వ్యతిరేకంగానే చెప్పవలసి వస్తుందని ఆ మహాశాస్త్రజ్ఞుడు తప్పుకున్నాడు. సైన్సు విద్యార్థిగా నాకిది కొంచెం బాధ కలిగించింది. జీవుల పుట్టుక గుట్టు విప్పిన మనిషికి కూడా మనుషుల పుట్టుక దగ్గరకొచ్చేసరికి సంకోచం కలిగింది.

నాలుగు రోజుల విచారణ తర్వాత జ్యూరీ ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. పుస్తకం జనాన్ని చెడగొట్టేదేనట, వేసినవాళ్ళ ఉద్దేశం మాత్రం చెడ్డది కాదట. న్యాయమూర్తి దాన్ని నేరం రుజువైనట్లే లెక్కగట్టాడు. పుస్తకం అమ్మడం మానబోమని ఇద్దరూ చెప్పేసరికి, ఒక్కొక్కరికి ఆరు నెలల జైలు, 200 పౌన్ల జరిమానా విధించాడు. వాళ్ళు అప్పీలు చేసుకున్నారు. 1878 ఫిబ్రవరిలో, అభియోగ పత్రం రాయడంలో ఉన్న ఒక సాంకేతిక లోపం వల్ల శిక్ష రద్దయింది.

పుస్తకాన్ని అణచాలని పెట్టిన కేసే దానికి పెద్ద ప్రచారమైంది. ఏటా ఏడెనిమిది వందలు పోయే పుస్తకం మూడు నెలల్లో లక్షా పాతిక వేలు పోయింది. అదే ఏడు అనీ తానే లా ఆఫ్ పాపులేషన్ అనే మరో చిన్న పుస్తకం రాసి, నగరాల్లోని, వ్యవసాయ ప్రాంతాల్లోని బీదలకు అంకితమిచ్చింది. దాని వెలా ఆరు పెన్నీలే. నోల్టన్ పిచికారీ కన్న స్పాంజి, క్వినైన్ బిళ్ళ లాంటి సాధనాలు మేలని అందులో వివరించింది. 1891 నాటికి ఆ పుస్తకం 1,75,000 ప్రతులు అమ్ముడైంది. 1870లలో ఇంగ్లండు, వేల్సులలో వెయ్యిమంది జనాభాకు ఏటా సుమారు 36 కాన్పులు జరిగేవి. 1914 నాటికి అవి 24కు దిగాయి. అదంతా ఒక్క కేసు పుణ్యమేనని అనలేం. కాని గర్భం అనేది ఆపుకోగలిగిన సంగతి అని ఇంటింటికీ చెప్పింది మాత్రం ఆ కేసే.

ఇక ఆమె చెల్లించిన వెల. 1878లో ఫ్రాంక్ బిసెంట్ కోర్టుకెళ్ళి మేబెల్‌ను తనకు అప్పగించమన్నాడు. తల్లి నాస్తికురాలు, పైగా అలాంటి పుస్తకం వేసిన మనిషి, ఆమె దగ్గర ఆడపిల్ల పెరగకూడదన్నది అతని వాదం. న్యాయమూర్తి సర్ జార్జ్ జెసెల్ ఆ వాదాన్నే ఒప్పుకున్నాడు. ఎనిమిదో ఏట ఉన్న పిల్ల ఏడుస్తుండగా తల్లి దగ్గర నుంచి తీసుకుపోయారు. ఆ దెబ్బకు అనీ మంచం పట్టింది. జైలుకు బెదరని మనిషి అక్కడ కూలిపోయింది. పై కోర్టు పిల్లల్ని చూసే వీలు కల్పించినా, ఆ చూపులు పిల్లల మనసుల్ని ఇంకా కలచివేస్తున్నాయని ఆమె తనంతట తానే మానుకుంది. పెద్దవాళ్ళయ్యాక కొడుకు, కూతురు ఇద్దరూ తల్లి దగ్గరకు వచ్చారు. అయితే మధ్యలో పోయిన ఏళ్ళను ఏ కోర్టు తిరిగి ఇవ్వగలదు?

దుఃఖం మరవడానికి ఆమె పుస్తకాలు ముందేసుకుంది. లండను యూనివర్శిటీ 1878లో స్త్రీలకు డిగ్రీలిచ్చేందుకు ఒప్పుకుంది. ఆమె సైన్సు చదవడానికి చేరింది. వృక్షశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, రసాయనశాస్త్రం ఇష్టంగా చదివింది. కాని 1883లో ఒక కాలేజీ ఆమెను, బ్రాడ్లా కుమార్తెను వృక్షశాస్త్రం తరగతిలో చేర్చుకోవడానికి నిరాకరించింది. రసాయనశాస్త్రం ప్రాక్టికల్సులో ఆమె పదే పదే తప్పింది. తన పేరే తనను తప్పించిందని ఆమె నమ్మకం. చివరికి బి.యస్సీ. డిగ్రీ చేతికి రానేలేదు. మనలో ప్రాక్టికల్సు రికార్డు రాయడానికి బద్ధకించేవాళ్ళం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1888లో లండను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిల కష్టాల మీద ఆమె రాసిన వ్యాసంతో మొదలైన కలకలం పెద్ద సమ్మె అయింది, అమ్మాయిలే గెలిచారు. మరుసటి ఏడు ఆమె మేడమ్ బ్లావట్‌స్కీ ప్రభావంతో దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. ఇక్కడే మనం ఒక నిజం ఒప్పుకోవాలి. 1891లో ఆమె తన లా ఆఫ్ పాపులేషన్ పుస్తకాన్ని వెనక్కు తీసుకుంది. ఇక అచ్చు వేయనని, హక్కులు అమ్మనని చెప్పింది. మనిషి కోరికను సాధనాలతో కాక ఇంద్రియ నిగ్రహంతో జయించాలన్నది ఆమె కొత్త సిద్ధాంతం. ఎవరి కోసం కూతుర్ని పోగొట్టుకుందో ఆ బీద తల్లులకు తన చేతి పుస్తకాన్ని తానే దూరం చేసింది. ఇది ఆమె జీవితంలో మింగుడుపడని ఘట్టం. మహనీయుల జీవితాలు రాసేవాళ్ళు ఇలాంటివి కప్పిపుచ్చుతారు. కాని నాకిది ఒక పాఠంగా తోస్తుంది. దీపం వెలిగించినవాళ్ళు పక్కకు తప్పుకున్నా, దారి చూసుకున్నవాళ్ళకు చూపు పోదు. ఆ లక్షల ప్రతులు అప్పటికే ఇళ్ళలోకి చేరిపోయాయి.

1893లో ఆమె ఇండియా వచ్చింది. ఇక్కడి చరిత్ర మనకు తెలిసిందే. 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ, 1915లో మన మదనపల్లెలో కాలేజీ, 1916లో హోంరూలు లీగు, 1917లో నిర్బంధం. అదే ఏడు అడయారులో ఏర్పడిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలు. బాల్యవివాహాల్ని ఆమె గట్టిగా ఎదిరించింది. విధి వింత ఏమిటంటే, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, అతని తమ్ముణ్ణి ఆమె పెంచుతుండగా, తన పిల్లల్ని తనకు అప్పగించాలని తండ్రి నారాయణయ్య మద్రాసు కోర్టుకు వెళ్ళాడు. ఒకప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈసారి ఎదుటి పక్షంలో నిలబడింది. మద్రాసులో ఓడి, 1914లో ప్రీవీ కౌన్సిల్‌లో గెలిచింది. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్నుమూసింది. ఈలోగా ఆమె విడిచిన పనిని ఈ దేశంలో మరికొందరు అందుకున్నారు. 1921లో బొంబాయిలో రఘునాథ్ కర్వే సంతాన నిరోధ క్లినిక్కు తెరిచాడు. 1930లో మైసూరు సంస్థానం ప్రభుత్వ క్లినిక్కులు పెట్టింది. 1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది.

ఇక నోల్టన్ పిచికారీ సంగతి. సైన్సు చదివేవాళ్ళం కాబట్టి నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఆ పద్ధతి నమ్మదగింది కాదు. వీర్యకణాలు నిమిషాల్లోనే గర్భాశయ ముఖద్వారంలోకి చేరిపోతాయి. తర్వాత ఎంత కడిగినా లాభం లేదు. మరి నలభై ఏళ్ళపాటు ఆ తప్పు ఎందుకు బయటపడలేదు? రహస్యంగా అమ్మే పుస్తకాన్ని ఎవరూ బాహాటంగా పరీక్షించరు, చర్చించరు, దిద్దరు. చాటున దాచిన జ్ఞానానికి తుప్పు పడుతుంది. కేసు తర్వాత విషయం వెలుగులోకి వచ్చాకనే డాక్టర్లు వాదులాడుకున్నారు, మంచి చెడ్డలు తేలడం మొదలైంది. అండం ఎప్పుడు విడుదలవుతుందో 1920లలో జపానులో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ తేల్చారు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం మాత్రం విడుదలైన తర్వాత ఒక్క రోజుకు మించి బతకదు. అంటే కలయిక జరిగిన క్షణానే గర్భం వచ్చేయదు, మధ్యలో కొంత వ్యవధి ఉంటుంది. నోల్టన్ వెతికిన తలుపు నిజంగానే ఉంది, కాకపోతే అతను తట్టిన గోడ వేరు.

ఆ తలుపు తెరుచుకోవడానికి నూరేళ్ళు పట్టింది. 1974లో కెనడా డాక్టరు ఆల్బర్ట్ యుజ్పే హార్మోను మాత్రల పద్ధతిని ప్రకటించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నది లెవొనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర. ఇది ముఖ్యంగా అండం విడుదలను వాయిదా వేస్తుంది. కలయిక జరిగిన 72 గంటల లోపల, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అండం ముందే విడుదలై ఉంటే దీని ప్రభావం తక్కువ. గర్భం నిలిచిన తర్వాత వేసుకుంటే ఇది ఏమీ చేయదు, అబార్షను మాత్ర వేరు, ఇది వేరు. అయిదు రోజుల లోపల డాక్టరు చేత కాపర్-టి వేయించుకుంటే అది ఇంతకంటె గట్టి రక్షణ. మాత్ర వల్ల వికారం, తర్వాతి నెలసరి అటూ ఇటూ కావడం ఉండొచ్చు గాని, శాశ్వతంగా పిల్లలు పుట్టకుండా పోవడమనేది ఉత్త అపోహ. నెలంతటికీ ఇదే పద్ధతిగా పెట్టుకోవడం మాత్రం మంచిది కాదు, అందుకు వేరే సాధనాలున్నాయి. సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు. మన దేశంలో దీనికి అనుమతి వచ్చింది, 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కునే వీలు కలిగింది.

మందు వచ్చింది. మరి జ్ఞానం వచ్చిందా? మా ఊళ్ళో ఒక అక్క ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. పిల్లలు బడికి పోతున్నారని, నర్సు ట్రెయినింగులో చేరదామని దరఖాస్తు తెచ్చుకుంది. వేరుశనగ పీకే రోజుల్లో నెల తప్పింది. చేలో ఆడవాళ్ళు తలా ఒక సలహా చెప్పారు. పచ్చి బొప్పాయి తినమన్నారు, నువ్వులు బెల్లం తినమన్నారు. ఎవరో ఈ మాత్ర పేరు చెప్తే, సిగ్గు చంపుకుని చిన్న పిల్లాడి చేత చీటీ పంపి టౌను నుంచి తెప్పించుకుంది. అప్పటికి 72 గంటలు కాదు, అయిదు వారాలు దాటింది. మాత్ర పని చేయలేదు, చేయదు కూడా. తప్పు మాత్రది కాదు, ఆ అక్కదీ కాదు. మూడో పాప పుట్టింది, అందరం ముద్దు చేస్తున్నాం. దరఖాస్తు మాత్రం ట్రంకు పెట్టెలోనే ఉంది.

ఈ విషయం ఆమెకు చెప్పగలిగిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. కాని నేను చదివిన స్కూల్లో ఈ పాఠం వచ్చినప్పుడు ఇంటి దగ్గర చదువుకోండని చెప్పి పేజీలు తిప్పేశారు. హాస్టల్లో ఈ మాత్ర మాటెత్తితే, ముందుగా వచ్చే ప్రశ్న ఎలా పని చేస్తుందని కాదు, నీకెందుకు కావలసి వచ్చిందని! అడిగిన ఆడపిల్ల గుణం మీదికి వెళ్ళే ఆ చూపు, 1877లో లండను కోర్టులో అనీ మీదికి వెళ్ళిన చూపు, రెండూ ఒకటే. మొగుడూ పెళ్ళాల మధ్య జారిపోయిన జాగ్రత్తకు గాని, ఇష్టం లేకుండా బలవంతానికి గురైన ఆడకూతురికి గాని, ఆ మూడు రోజుల వ్యవధి ఎంత విలువైనదో ఆ చూపుకు పట్టదు.

అనీ బిసెంట్‌కు పెళ్ళి నాటికి ఇరవై ఏళ్ళు. నాకిప్పుడు ఇరవై ఏళ్ళు. ఆమెకు తెలియనిది నాకు తెలిసిందంటే అది నా గొప్ప కాదు, ఎవరో ఒకరు బోనెక్కి నిలబడిన ఫలితం. సోదర సోదరీ విద్యార్థులారా! మనల్ని ఎవరూ బోనెక్కమనడం లేదు, బిడ్డను పోగొట్టుకోమనడం లేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, అక్కతోనో వదినతోనో పెరట్లో కూర్చుని, గొంతు తగ్గించకుండా అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు. ఆరు పెన్నీలు కూడా ఖర్చు కాదు. ఈసారి వెళ్ళినప్పుడు నేను ఆ పని చేస్తాను. ఆ దరఖాస్తు సంగతి కూడా అక్కను అడుగుతాను.